చెరి మూడు

గుడివాడలో ఒక రొయ్యల మేత కంపెనీ ఉంది. తన షెడ్డులో తన మనిషి ఊడదీసిన రెండు ఇత్తడి రింగుల నేరాన్ని, ఆ రింగుల్ని పెట్టిన మనిషి మీద రాసింది. రాసి, సంతకం చేసి, ముద్ర గుద్దింది. ఒకరి చావుకి ఇంకొకర్ని కారణం చేసింది. ఆ ఇంకొకరు కూడా ఇప్పుడు లేరు. రాసిన వాక్యం మాత్రం అలాగే ఉంది.

ఆ రింగులు పెట్టినాయన పేరు ఇక్కడ రాయడం లేదు. మర్చిపోయి కాదు, భయపడీ కాదు. అసలు బందరులో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళే తక్కువ. అందరికీ ఆయన సైకిలు మేస్త్రి. నేను మేస్త్రీ అనేవాణ్ణి, ఆయన నన్ను బావా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఆయన శుక్రవారం మధ్యాహ్నం కొట్టు మూసి మసీదుకి వెళ్ళే మనిషి, నేను ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళని మనిషిని. ముప్పై ఏళ్ళు ఒకే చెక్కబల్ల మీద కూర్చుంటే మా ఊళ్ళో బావా అనుకోవడానికి అది చాలు.

స్టేషనుకి వెళ్ళే రోడ్డు పక్కన నాలుగు రేకుల కింద ఆయన కొట్టు. పైకప్పుకి పాత చక్రాలు వేలాడుతుండేవి, గాలొచ్చినప్పుడు వాటంతటవే తిరిగేవి. ఆయన కుడి బొటనవేలి గోరుకి మధ్యలో సన్నటి గాడి ఉండేది. చక్రానికి బెండు తీసేటప్పుడు, అంటే వంకర సరిచేసేటప్పుడు, అందరూ సుద్దముక్కో చీపురుపుల్లో రిమ్ముకి ఆనిస్తారు. ఆయన గోరు ఆనించేవాడు. కళ్ళు మూసుకుని చక్రాన్ని తిప్పేవాడు. రిమ్ము గోటిని ఎక్కడ తాకితే అక్కడ ఆపి, అక్కడి స్పోకు పుల్లని పావు చుట్టు బిగించేవాడు, మళ్ళీ తిప్పేవాడు. అలా ఎన్ని వేల చక్రాలు తిరిగితే గోటికి గాడి పడుతుందో నాకు తెలియదు.

పని అయ్యాక “అయిపోయింది” అనేవాడు కాదు. “చెరి సగం” అనేవాడు. అంటే చక్రం ఫ్రేముకి సరిగ్గా నడిమధ్యన ఉందని, అటూ ఇటూ ఖాళీ సమానమని. ఆ మాట ఆయనకి పనిలోనుంచి బతుకులోకి వచ్చేసింది. ఒక్క టీ తెప్పించి రెండు గ్లాసుల్లో పోసేవాడు. రెండింటినీ వెలుగుకి ఎత్తి చూసి, ఒకదాంట్లోంచి రెండో దాంట్లోకి నాలుగు చుక్కలు వంచి, అప్పుడు ఇచ్చేవాడు.

“తాగవయ్యా మేస్త్రీ, చల్లారిపోతుంది” అంటే, “చెరి సగం చల్లారుద్దిలే బావా” అనేవాడు.

తొందరపెట్టేవాళ్ళంటే ఆయనకి పడేది కాదు. ఒకసారి ఒక బ్యాంకు ఆయన నిలబడలేక, “త్వరగా కానివ్వండి మేస్త్రిగారూ, అవతల టైమైపోతోంది” అన్నాడు. “తొందరైతే నడిచెళ్ళాల్సిందండీ, ఈపాటికి సగం దూరం పోయేవోరు” అన్నాడు ఈయన, తలెత్తకుండానే.

ఆయనకి చదువు రాదు. తెలుగూ రాదు, ఉర్దూ రాదు. కొలత మాత్రం వచ్చు. విరిగిన రంపపు బ్లేడు ఒకటి, దానికి ఆకురాయితో గాట్లు పెట్టుకున్నాడు. అదే స్కేలు. గాటుకి గాటుకి మధ్య మిల్లీమీటరు. నేను ఒకసారి నేను పనిచేసే అచ్చాఫీసు స్కేలు తెచ్చి పక్కన పెట్టి చూశాను, వెంట్రుక తేడా లేదు.

నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకా. మిగిలిన చదువంతా అచ్చాఫీసులో సీసపు అక్షరాలు తిరగేసి పేర్చుతూ నేర్చుకున్నాను. ఆ పనిలో అక్షరాలు పేర్చడం ఒక ఎత్తు, ఖాళీ పేర్చడం ఒక ఎత్తు. మాటకీ మాటకీ మధ్య పల్చటి సీసపు బిళ్ళలు పెట్టాలి. అన్నీ ఒక చోటే కుక్కితే పంక్తి చూడ్డానికి నిండుగానే ఉంటుంది, మిషను ఎక్కగానే అక్షరాలు జారిపోతాయి. ఈ సంగతి చెప్పినప్పుడు మేస్త్రి చాలాసేపు నవ్వాడు. “అయితే నువ్వూ నా పనే చేస్తన్నావన్నమాట. నువ్వు కాయితానికి బెండు తీస్తావు” అన్నాడు. ఆ రోజునుంచే నేను బావని అయ్యాను. పొద్దున పూట పేపరు తెచ్చి ఆయనకి చదివి వినిపించడం కూడా అప్పుడే మొదలైంది.

ఇక ఆ సైకిలు సంగతి.

ఏసుబాబు అని, నలభై ఏళ్ళ మనిషి, కోడూరు దగ్గర ఊరు. ఆ మేత కంపెనీకి చెరువుల్లో నీళ్ళ నమూనాలు పట్టి పంపేవాడు. అవనిగడ్డ దిగువనుంచి పాలకాయతిప్ప దాకా రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే ఉద్యోగం. మోటారు సైకిలు ఆ గట్ల మీద తిరగదు. అందుకని కంపెనీ గేర్ల సైకిలు ఇచ్చింది. సముద్రం ఉప్పు ఏడాది తిరక్కుండానే దాని వెనక చక్రాన్ని తినేసింది. కంపెనీవాళ్ళని అడిగితే, ఆ చక్రం ఎక్కడినుంచో రావాలి, ఈలోపు నువ్వే ఎక్కడన్నా చూసుకో అన్నారట. గుడివాడలో లేదు, విజయవాడలో లేదు. బస్సు మీద వేసుకుని బందరు తెచ్చాడు.

మేస్త్రి దాన్ని తలకిందులుగా నిలబెట్టి, చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. పైకప్పుకి వేలాడుతున్న ఒక పాత మౌంటెన్ బైకు చక్రాన్ని దించాడు. అది ఎవరో ఏనాడో వదిలేసి వెళ్ళింది. మంచి హబ్బు, మంచి రిమ్ము. తీసుకొచ్చి ఫ్రేము మధ్యలో పెడితే కూర్చోలేదు, అటూ ఇటూ ఊగింది. బ్లేడు తీసి గాట్లు లెక్కపెట్టాడు.

“ఆరు” అన్నాడు. “ఈ కొత్త ఫ్రేములన్నీ కాళ్ళు ఎడంగా పెట్టుకుని నుంచుంటన్నాయి బావా. ఈ పాత చక్రం నడుము సన్నం. మధ్యలో ఆరు మిల్లీమీటర్లు ఖాళీ.”

“అంతేగా మేస్త్రిగారూ, నట్లు గట్టిగా బిగించేస్తే దగ్గరకి రాదా?” అన్నాడు ఏసుబాబు.

“వచ్చుద్ది. ఎందుకు రాదు? వచ్చి ఊరుకోదుగా. ప్రతి గతుక్కీ మళ్ళీ ఎడంగా పోదామని చూస్తది. ఇది ఇనుమైతే వంగుద్ది. అల్యూమినియం, వంగదు. పగులుద్ది.”

“పోనీ ఆరూ ఒక పక్కే పెట్టేస్తే?”

“నువ్వు తిన్నగా ఎదరకి చూస్తుంటావు, నీ వెనక చక్రం పక్కూరు చూస్తుంటది” అన్నాడు మేస్త్రి. ఏసుబాబు పకపకా నవ్వాడు. మంచి పళ్ళ వరస ఆ మనిషిది.

అంగట్లో దొరికే వాషర్లు మేస్త్రికి నచ్చలేదు. ఒకటి మందంగా, ఒకటి పల్చగా ఉంటాయి, రెండు మూడు కలిపి వేస్తే ఒకదాని మీద ఒకటి జారతాయి. చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులు చేసే ఒకాయన దగ్గర చిన్న లేతు మిషను ఉంది. నన్నూ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళి, ఇత్తడితో రెండు రింగులు కోయించాడు. ఒక్కోటీ కచ్చితంగా మూడు మిల్లీమీటర్ల మందం. ఆ గాజులాయనకి చెయ్యి ఊరుకోక వాటికి మెరుగు కూడా పెట్టాడు. ధగధగలాడిపోయాయి.

“ఏంటి మేస్త్రీ, చక్రానికి పెళ్ళా?” అన్నాను.

“పెళ్ళే. సన్నపిల్లని ఆజానుబాహుడికి ఇస్తన్నాం” అన్నాడు.

రింగుల మీద మేకుతో గుర్తులు కొట్టాడు. కుడివైపు రింగుకి ఒక చుక్క, ఎడమవైపు దానికి రెండు చుక్కలు. పొడుగాటి కొత్త ఇరుసు వేసి, రెండు పక్కలా రింగులు తొడిగి, బ్రేకు పళ్ళెం కింద కూడా ఒక పల్చటి ఇత్తడి రేకు వేసి, చక్రం ఎక్కించాడు. తర్వాత కళ్ళు మూసుకుని గోరు ఆనించాడు. చక్రం తిరుగుతూనే ఉంది, గోటికి ఎక్కడా తగల్లేదు. “చెరి సగం” అన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. “రేపెప్పుడో పంచరు వేయిస్తాడు, వేసేవాడు ఈ రింగులు ఏంటో తెలీక తలకిందులు చేస్తాడు. బావా, ఒక చీటీ రాయి. చెరి మూడు అని రాయి. తీసిన చోటే పెట్టాలని రాయి” అన్నాడు.

నేను రాశాను. గుండ్రంగా, అచ్చులాగా రాశాను. మేస్త్రి దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, సీటు కింద తీగతో కట్టాడు. ఏసుబాబు రెండు చేతులూ జోడించి, ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆరు నెలల తర్వాత పాలకాయతిప్ప వైపు ఒక చెరువు గట్టు మీద వెనక చక్రం ఊడి, ఏసుబాబు పడిపోయాడు. తల వెళ్ళి తూము గోడకి తగిలింది. ఆ దారిలో మనుషులు తిరిగేది తక్కువ. చూసేసరికి ప్రాణం లేదు.

మాకీ సంగతి చాలాకాలం తెలియదు. ఏసుబాబు భార్య వచ్చి చెప్పింది. ఎండలో బస్టాండునుంచి నడిచి, దారి అడుగుతూ వచ్చినట్టుంది. కొట్టు ముందు నిలబడి, “ఇక్కడ గేర్ల సైకిలు చక్రం మార్చింది మీరేనాండీ?” అని అడిగింది. మేస్త్రి ఉత్సాహంగా లేచాడు. “అవునమ్మా, ఏసుబాబు సైకిలేనా? ఎట్టా ఉంది?” అన్నాడు.

ఆమె సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. ఆయన దాన్ని నా చేతికిచ్చాడు. పేపరు రోజూ చదివేది నేనే కదా.

నేను చదవడం మొదలుపెట్టాను. కంపెనీ విచారణ నివేదిక, తెలుగు నకలు. ఊరు, తేదీ, గట్టు వెడల్పు అన్నీ రాసి, చివర ఈ వాక్యం ఉంది: “అర్హత లేని ఒక స్థానిక మెకానిక్ వెనుక చక్రమునకు అనధికారికముగా చేసిన మార్పులే ఈ ప్రమాదమునకు కారణము.” చూపు ముందే అక్కడికి పోయింది, గొంతు తర్వాత వెళ్ళింది. ఆపేద్దామనుకున్నాను. ఆమె నిలబడి ఉంది. ఆపలేకపోయాను.

“ఇంకోసారి చదువు బావా” అన్నాడు మేస్త్రి.

మళ్ళీ చదివాను.

“అర్హత అంటే?”

“పరీక్ష పాసైన కాగితం” అన్నాను.

ఆయన ఆమె వైపు తిరిగి, “చెరి మూడు పెట్టానమ్మా” అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయన బతికేవాడేమో. “మీ చేతిపని మంచిదని మా ఆయన అందరికీ చెప్పేవోడండీ” అంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆయన టీ తెప్పించలేదు ఆ రోజు.

మర్నాటినుంచి చక్రాల పని మానేశాడు. పంచర్లు వేసేవాడు, గాలి కొట్టేవాడు. బెండు తీయమని ఎవరన్నా వస్తే, “నాకు రాదండీ, పాసవ్వలేదు” అనేవాడు. వచ్చినవాళ్ళు వేళాకోళం అనుకునేవాళ్ళు. నేను వెళ్ళి బల్ల మీద కూర్చుని పేపరు విప్పితే, “చదవకు బావా” అనేవాడు.

రోజూ ఒకటే ప్రశ్న. “బావా, కుడిపక్క రింగు పెట్టానా?”

“పెట్టావు. నేను చూశాను. ఒక చుక్కది.”

“నట్టు బిగించే ముందు పెట్టానా?”

“ముందే పెట్టావయ్యా.”

“ఊఁ” అనేవాడు. కాసేపటికి మళ్ళీ, “నువ్వు చూశావా, నా మొహం చూసి చెప్తన్నావా?”

నేను కోప్పడ్డాను కూడా. ఒకసారి రిక్షా ఎక్కించి చిలకలపూడి తీసుకెళ్ళి, ఆ గాజులాయన చేత చెప్పించాను, రింగులు రెండు కోసిన మాట నిజమేనని. “కోశాడు, బానే ఉంది. నేను పెట్టానా అన్నదేగా ఇప్పుడు” అన్నాడు తిరుగుదారిలో. ముప్పై ఏళ్ళలో గోటి మీద గాడి పడ్డ మనిషికి తన చెయ్యి మీద తనకి నమ్మకం పోయింది. ఒక్క వాక్యంతో పోయింది. ఆ వాక్యం రాసినవాడు ఈయన్ని ఒక్కసారి కూడా చూడలేదు, వచ్చి అడగలేదు.

మేస్త్రి చలికాలం చివర్లో పోయాడు. జబ్బంటూ పెద్దగా లేదు. తినడం తగ్గించాడు, తర్వాత మాట్లాడ్డం తగ్గించాడు. మోసుకెళ్ళే ముందు నేను చెయ్యి పట్టుకున్నాను. బొటనవేలి గోరు చూశాను. గాడి లేదు. పాత గోరు పోయి కొత్త గోరు వచ్చి, నున్నగా, ఎవరిదో చెయ్యిలా ఉంది.

నలభయ్యో రోజు దాటాక నేను గుడివాడ వెళ్ళాను. బతికి ఉండగా ఎందుకు వెళ్ళలేదని అడగండి.

కంపెనీ గేటు దగ్గర కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళనివ్వకుండా రెండు గంటలు ఉంచారు. ఆ గేటు దగ్గర ఒక మేకుకి తాళాల గుత్తి వేలాడుతోంది. గుత్తికి గుర్తుగా నైలాను దారంతో కట్టిన ఇత్తడి రింగు ఒకటి. ఎండ పడి మెరుస్తోంది. లేచి వెళ్ళి తిప్పి చూశాను. రెండు చుక్కలు.

షెడ్డులో పనిచేసే మనిషి తాళాల కోసం వచ్చి, నా చేతిలో రింగు చూసి ఆగాడు. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు.

“ఇది ఎక్కడిది బాబూ?” అన్నాను.

“సైకిలుదండీ. పంచరు వెయ్యడానికి చక్రం తీసినప్పుడు వచ్చింది. బాగుందని ఉంచాను. జత ఉండాలి, ఎక్కడో పోయింది.”

“మళ్ళీ ఎందుకు పెట్టలేదు?”

“చీటీ ఉందండీ దానికి. చెరి మూడు అని రాసుంది. అంటే పక్కకి మూడేసి రింగులు, మొత్తం ఆరుండాలి. చూస్తే ఒక్కోటే ఉన్నయ్యి. మిగిలిన నాలుగూ దారిలో ఎక్కడో రాలిపోయినట్టున్నయ్యి, సగం సామానుతో ఎందుకులే, రెండూ తీసేసి నట్లు గట్టిగా బిగించేద్దాం అనుకున్నాను. బ్రేకు రాసుకుంటే దాన్నే కాస్త పక్కకి జరిపాను.”

సైకిలు షెడ్డు మూలనే ఉంది. నన్ను లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. ఫ్రేములో ఇరుసు కూర్చునే నోరు నిలువునా పగిలింది, మేస్త్రి చెప్పినట్టే. సీటు కింద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. విప్పాను. నా రాత. “రింగులు చెరి మూడు. తీసిన చోటనే పెట్టవలెను.” మిల్లీమీటర్ల మందం అన్న మాట లేదు. మా ఇద్దరికీ తెలిసిన మాట కదా అని వదిలేశాను. జీవితమంతా ఇతరుల రాతల్లో పడిపోయిన మాటలు పట్టి దిద్దుతూ బతికినవాణ్ణి.

“ఇది విచారణకి వచ్చినాయనకి చెప్పావా?” అన్నాను.

“చెప్పానండీ. రింగులు నేనే తీశానని చెప్పాను. ఆయన రాసుకున్నాడు కూడా. తర్వాత కాయితంలో ఎందుకో రాలేదు.” గొంతు తగ్గించి, “నేను చెప్పానని మీరు రాయకండి బాబాయిగారూ. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది” అన్నాడు.

ఆ మనిషి మీద నాకు కోపం లేదు. చీటీ చదివి, చదివినదాన్ని బట్టి నడుచుకున్నాడు. తప్పు చీటీది, అంటే నాది. కానీ కంపెనీకి నిజం తెలుసు. తెలిసే రాయలేదు. తన షెడ్డు అని రాయాల్సిన చోట స్థానిక మెకానిక్ అని రాసింది.

కోడూరు వెళ్ళి ఏసుబాబు భార్యకి అంతా చెప్పాను, చీటీ సంగతితో సహా. ఆమె తలుపు పట్టుకుని నిలబడి విన్నది. చివరికి ఒక్కటే అడిగింది. “ఈ మాట ఆ మేస్త్రిగారికి చెప్పారాండీ?”

కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాశాను. చీటీ నకలు జతచేశాను. తప్పులో నా వాటా నాది అని ఒప్పుకున్నాను, నా పేరు, చిరునామా ఇచ్చాను. షెడ్డు మనిషి ఊసెత్తలేదు. రింగులు రెండూ మీ షెడ్డులోనే తీశారు, ఒకటి మీ గేటు దగ్గరే వేలాడుతోంది, వచ్చి చూసుకోండి అన్నాను. ఆ ఒక్క వాక్యం కొట్టేయమన్నాను. ఇంకేమీ అడగలేదు. ఎనిమిది నెలలకి, మొన్న మంగళవారం, జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

“అయ్యా, మీ నాలుగు ఉత్తరములు, చీటీ నకలు అందినవి. పరిశీలించితిమి. మా విచారణ నివేదికలో ఏ మెకానిక్ పేరును పేర్కొనలేదు. పేరు పేర్కొనని వ్యక్తికి అపకీర్తి కలిగినదనుటకు ఆస్కారము లేదు. కావున సవరణ అవసరము లేదని తెలియజేయడమైనది. అయితే సదరు మెకానిక్ పూర్తి పేరు, తండ్రి పేరు, చిరునామా మీరు లిఖితపూర్వకముగా తెలిపినచో, రికార్డు సమగ్రముగా ఉండుటకు గాను ఆ వాక్యములో చేర్చగలము.”